ఎయిర్ సస్పెన్షన్ కారుతో మూడు బైకుల ట్రెయిలర్ లాగవచ్చా? (బెంగళూరు నుంచి ఇరుంగాట్టుకోట్టై)

ట్రాక్‌డే_తేజ · వర్తూరు, బెంగళూరు

నమస్తే అందరికీ. నా దగ్గర రెండో తరం ఆడి క్యూ7 డీజిల్ ఉంది. నాలుగు చక్రాలకూ ఎయిర్ సస్పెన్షనే (స్ప్రింగుల బదులు గాలి సంచులు). సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, వారంటీ అయిపోయింది. నేనూ ఇద్దరు స్నేహితులూ బైకులతో చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్తుంటాం. ఇప్పటిదాకా ట్రాలీ ఆటో మాట్లాడి బైకులు పంపేవాళ్లం. ఇకపై సొంత ట్రెయిలర్ మీద తీసుకెళ్దామని బొమ్మసంద్రలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపుకు ఆర్డర్ ఇచ్చాం. ఒకే యాక్సిల్, మూడు బైకులు పక్కపక్కన నిలబడేంత వెడల్పు, బ్రేకులు లేవు.

షాపాయన మాట ఇది: "సార్, మీది ఎయిర్ సస్పెన్షన్. ఎంత పెట్టినా వెనక దిగదు. టెన్షన్ ఎందుకు?" నిజంగానే ఖాళీ ట్రెయిలర్ తగిలించి దాని ముక్కు మీద ఇద్దరం నిలబడితే, కాసేపట్లో కారు మళ్లీ లెవల్‌కు వచ్చేసింది. కానీ వెనక దిగకపోతే చాలా? అమెరికా వీడియోల్లో వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బరువును ముందు చక్రాలకూ పంచే ట్రెయిలర్ తగులు) అని చూపిస్తుంటారు, అది నాకు అవసరమా? పాత కారు కదా, గాలి నింపే కంప్రెసర్ తట్టుకుంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

డీజిల్_దొర · కేఆర్ పురం

యూరప్‌లో ఇదే బండి 3,500 కిలోల క్యారవాన్ లాగుతుంది తమ్ముడూ. మూడు బైకులకు ఇంత ఆలోచనా? తగిలించి బయల్దేరు. ఆ టార్క్‌కు వెనక ట్రెయిలర్ ఉన్నట్టు కూడా తెలియదు.

ఇరుసు_మాస్టారు · జిగణి

దొర గారూ, ఆ 3,500 సొంత బ్రేకులున్న ట్రెయిలర్‌కు ఇచ్చిన లెక్క. బ్రేకుల్లేని ట్రెయిలర్‌కు అదే యూరప్‌లో 750 కిలోలే హద్దు. ఇంజన్ ఎంతైనా లాగుతుంది, ఆ బరువును ఆపేదెవరన్నదే ప్రశ్న.

తేజ గారూ, "దిగకపోతే చాలా?" అని మీరు సరిగ్గా అడగాల్సిందే అడిగారు. చాలదు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఇక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారు.

ఎయిర్ సస్పెన్షన్‌లో హైట్ సెన్సర్లు ఉంటాయి. వెనక కిందికి దిగిందని సెన్సర్ చెప్పగానే కంప్రెసర్ లేదా రిజర్వాయర్ నుంచి వెనక బెలోల్లోకి (ఆ రబ్బరు గాలి సంచుల్లోకి) గాలి వెళ్తుంది, ఎత్తు సరి అవుతుంది. అది చేసే పని అంతే. ఎత్తు సరిచేస్తుంది కానీ బరువును కదపలేదు. ట్రెయిలర్ ముక్కు మీ హిచ్ బాల్‌ను కిందికి నొక్కుతోంది, ట్రెయిలర్ కూర్చునే గుండు లాంటి ఆ బాల్ వెనక యాక్సిల్‌కు ఇంకా వెనక ఉంది. కావడి బద్దకు వెనక కొసన బరువు తగిలిస్తే ముందు కొస పైకి లేస్తుంది కదా, ఇక్కడ భుజం మీ వెనక యాక్సిల్. ముందు చక్రాల మీద కొంత బరువు తగ్గుతుంది. తగ్గిన ఆ బరువు కూడా వెనక యాక్సిల్ మీదికే చేరుతుంది.

లెక్క తేలికే. మీ కారు వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) దాదాపు 3 మీటర్లు. వెనక యాక్సిల్ నుంచి బాల్ దాకా సుమారు 1.2 మీటర్లు అనుకుందాం. ముక్కు మీద 100 కిలోలు పడితే ముందు యాక్సిల్ మీద 100 × 1.2 ÷ 3, అంటే 40 కిలోలు తగ్గుతాయి. వెనక యాక్సిల్ మీద 140 పెరుగుతాయి. బెలోల్లో గాలి ఎంత నింపినా ఈ 40, ఈ 140 మారవు.

కాయిల్ స్ప్రింగ్ కారైతే వెనక కూలబడి, హెడ్‌లైట్లు ఆకాశం వైపు చూస్తూ మనల్ని హెచ్చరిస్తుంది. ఎయిర్ సస్పెన్షన్ ఆ హెచ్చరికను కనబడనివ్వదు. కారు చక్కగా నిలబడి ఉంటుంది, ముందు టైర్ల పట్టు మాత్రం తగ్గి ఉంటుంది. తిప్పేదీ, ఎక్కువ భాగం బ్రేక్ వేసేదీ ఆ ముందు టైర్లే. అందుకే నమ్మాల్సింది ఎత్తు కొలిచే టేపును కాదు, బండ్లను తూచే వేబ్రిడ్జ్‌ను.

మా జిగణిలో గ్రానైట్ లారీల కోసం వేబ్రిడ్జ్‌లకు కొదవ లేదు, మీ షాపుకు దగ్గరే. ముందు కారు ఒక్కటే తూకం వేయించండి. ముందు చక్రాలు మాత్రమే ప్లేటు మీద ఉంచి ఒకసారి, కారంతా ఎక్కించి ఒకసారి. తర్వాత లోడుతో ట్రెయిలర్ తగిలించి, కారు చక్రాలు మాత్రమే ప్లేటు మీద ఉండేలా మళ్లీ అదే చేయండి. చివరికి ట్రెయిలర్ చక్రాలు. ప్రతిసారీ ఇంజన్ ఆన్‌లో ఉంచి, కారు లెవల్‌కు వచ్చేదాకా ఆగండి. అంకెలు ఇక్కడ పెట్టండి, చూద్దాం.

పాతబండి_ప్రసాద్ · యలహంక

మాస్టారు బరువు గురించి చెప్పారు, నేను గాలి గురించి చెబుతాను. పాత ఎయిర్ సస్పెన్షన్ కార్లే నా పని.

కంప్రెసర్ ట్రెయిలర్ బరువుకు చావదు. లీకుకు చస్తుంది. ముక్కు మీద వంద కిలోలు ఎత్తడం దానికి డిక్కీలో ఇద్దరు మనుషులంత సామాను ఎత్తడమే. కానీ ఎక్కడో సన్నగా గాలి పోతుంటే పోయింది నింపడానికి పదే పదే తిరుగుతుంది, వేడెక్కుతుంది, థర్మల్ కటౌట్‌తో ఆగుతుంది, చల్లారాక మళ్లీ మొదలు. మన ఊళ్లో స్పీడ్ బ్రేకర్లు, బేస్‌మెంట్ ర్యాంపుల కోసం కారును పైకి లేపుతూ దించుతూ ఉంటాం కాబట్టి ఆ పని ఇంకా ఎక్కువ. కొన్నాళ్లకు డ్రయర్‌లోని సిలికా తేమను పట్టుకోలేని స్థితికి వస్తుంది. ఆ తేమ వాల్వ్ బ్లాక్‌లోకి (ఏ బెలోకు గాలి పోవాలో మార్చే భాగంలోకి) పోతుంది.

ట్రెయిలర్ తగిలించే ముందే ఈ పరీక్ష చేయండి. చదునైన చోట ఆపి, నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి రాసుకోండి. రాత్రంతా తాళం వేసి వదిలేసి, పొద్దున స్టార్ట్ చేయకముందే మళ్లీ కొలవండి. ఒక మూల మాత్రం దిగితే ఆ బెలో గానీ దాని పైపు జాయింటు గానీ అనుమానించాలి. తర్వాత కారును పైఎత్తుకు లేపి, స్టాండ్ల మీద భద్రంగా నిలిపి, బెలో మడత విప్పుకున్న చోట టార్చి వేసి చూడండి. రబ్బరు పగుళ్లు మడతలోనే మొదలవుతాయి, మామూలు ఎత్తులో అవి కనిపించవు. జాయింట్ల దగ్గర సబ్బు నీళ్లు పూస్తే బుడగలు చెబుతాయి. జాక్ మోడ్ (లెవలింగ్ ఆపే సెట్టింగ్) వేయకుండా, స్టాండ్లు లేకుండా కారు కింద చెయ్యి కూడా పెట్టవద్దు. గాలి దిగిపోతే తప్పుకునే టైం ఉండదు.

వెనక బెలోలు పగిలి ఉంటే మార్చాకే ట్రెయిలర్ మాట. హైవే మీద బెలో పోతే కారు బంప్ స్టాప్‌ల (అడుగున ఆనే రబ్బరు దిమ్మల) మీద కూర్చుంటుంది, పైన ట్రెయిలర్ ముక్కు నొక్కుతూ ఉంటుంది. ఊహించుకోండి.

డీజిల్_దొర · కేఆర్ పురం

మాస్టారూ, బ్రేకుల మాట ఒప్పుకుంటాను. మరి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పెడితే ముందు తగ్గిన బరువు వెనక్కి వస్తుంది కదా? పెట్టేస్తే పోలా?

ఇరుసు_మాస్టారు · జిగణి

వస్తుంది. దాని స్ప్రింగ్ బార్లు హిచ్ దగ్గర మెలిపెట్టి కొంత బరువును ముందు యాక్సిల్ మీదికీ, కొంత ట్రెయిలర్ యాక్సిల్ మీదికీ నెడతాయి. సూత్రంగా సరైనదే. చిక్కు ఎక్కడంటే, బార్ల బిగింపు కారు వెనక ఎత్తు మీద ఆధారపడుతుంది. ఎయిర్ సస్పెన్షన్ తనంతట తాను ఎత్తు మారుస్తుంది. బార్లు వెనక భాగాన్ని పైకి లేపితే సెన్సర్ "ఎత్తు ఎక్కువైంది" అనుకుని గాలి వదిలేస్తుంది, బార్లు ఇంకా బిగుసుకుంటాయి. రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కొన్ని కార్ల మాన్యువల్స్ ఈ రకం హిచ్ వాడొద్దనే చెబుతాయి. కొన్నిటిలో లెవలింగ్ ఆపి సెట్ చేసుకునే పద్ధతి ఇస్తారు. కాబట్టి మాన్యువల్ చదవకుండా కొనొద్దు.

తేజ గారి ట్రెయిలర్ వెయ్యి కిలోల లోపే ఉంటుందని నా అంచనా. దానికి ఆ హిచ్ అక్కర్లేదు. సామాను ఎక్కడ పెడుతున్నారో చూసుకుంటే చాలు.

హిచ్ గురించి మాత్రం ఒకటి. యూరప్ హిచ్‌ల మీద చిన్న ప్లేటు ఉంటుంది. దాని మీద రెండు అంకెలు: S అంటే బాల్ మీద నిలువుగా పడగల బరువు కిలోల్లో, D అంటే లాగే బలానికి హద్దు కిలోన్యూటన్లలో. కారు బరువును ట్రెయిలర్ బరువుతో గుణించి, రెండింటి మొత్తంతో భాగించి, 9.81తో గుణిస్తే మీకు కావాల్సిన D వస్తుంది, బరువులు టన్నుల్లో. కారు పూర్తి లోడుతో 2.9, ట్రెయిలర్ 1 అనుకుంటే సుమారు 7.3. ప్లేటు లేని హిచ్ అయితే ఎవరు ఏ లెక్కతో వెల్డింగ్ చేశారో ఆ షాపాయనకే తెలియాలి. అది బంపర్ వెనక క్రాష్ బార్‌కు కాకుండా ఛాసిస్ పాయింట్లకే బిగించి ఉందా, పడుకుని చూడండి.

కోవళం_గాలి · నీలాంకరై, చెన్నై

నేను చిన్న సెయిలింగ్ బోటు లాగుతాను. నా కారుకూ ఎయిర్ సస్పెన్షనే. ఇవి ఇంకా ఎవరూ చెప్పలేదు.

బాల్ సైజు చూసుకోండి. యూరప్‌ది 50 మిల్లీమీటర్లు, అమెరికా రెండు అంగుళాలది 50.8. ఆన్‌లైన్‌లో రెండూ దొరుకుతాయి, కంటికి ఒకేలా ఉంటాయి. 50 కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రెయిలర్ ముక్కు గిన్నె) 50.8 బాల్ మీద పూర్తిగా కూర్చోదు. తిరగేస్తే వదులుగా ఆడుతుంది.

కారు ట్రెయిలర్‌ను గుర్తిస్తోందా అన్నది అంతకంటే పెద్ద విషయం. టెయిల్ ల్యాంప్ వైర్లకు గిల్లి లైట్లు వెలిగించుకుంటే కారుకు ట్రెయిలర్ ఉందని తెలియదు. కంపెనీ వైరింగ్‌తో, సరైన మాడ్యూల్‌తో సాకెట్ పెట్టించుకుంటేనే ట్రెయిలర్ ఊగినప్పుడు బ్రేకులతో సర్దే స్టెబిలిటీ ప్రోగ్రాం పనిచేస్తుంది. రివర్స్‌లో సెన్సర్లు ట్రెయిలర్‌ను చూసి అరవడం ఆగుతుంది. చాలా ఎయిర్ సస్పెన్షన్ కార్లు హైవే వేగంలో తమంతట తాము కాస్త కిందికి దిగుతాయి. ట్రెయిలర్ ఉందని తెలిస్తే కొన్ని ఆ దిగడం మానుకుంటాయి.

రాత్రి ఎక్కడైనా ఆగితే ట్రెయిలర్‌ను విప్పి జాకీ వీల్ (ముక్కు కింద తిప్పి ఎత్తే చక్రం) మీద నిలబెట్టండి. కారు రాత్రిపూట కొద్దిగా దిగినా, తగిలించి ఉన్న ట్రెయిలర్ ముక్కు దానితోపాటే దిగుతుంది. విప్పేటప్పుడు కూడా తొందరొద్దు. మీరు జాకీ తిప్పి ముక్కు లేపుతుంటే కారు వెనక భాగం కూడా లేస్తుంది, ఎత్తు పెరిగిందని గాలి వదులుతూ మళ్లీ దిగుతుంది. కాలు, చెయ్యి మధ్యలో పెట్టకుండా, అది స్థిరపడ్డాకే కప్లర్ ఎత్తండి. కొన్ని కార్లలో తలుపు తెరిచి ఉంచితే లెవలింగ్ ఆగుతుంది, మీదాంట్లో ఎలాగో చూసుకోండి.

వకీలు_వాసు · రాజాజీనగర్

కాగితాల సంగతి కూడా చూసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(46) ప్రకారం మోటారు వాహనం లాగేది ఏదైనా ట్రెయిలరే, సెమీ ట్రెయిలర్, సైడ్‌కార్ తప్ప. దానికి సొంత రిజిస్ట్రేషన్ కావాలి. సెక్షన్ 61 ప్రకారం ట్రెయిలర్ నంబరు లాగే వాహనం పక్కన, కారు నంబరు ట్రెయిలర్ వెనక కనిపించాలి. అత్తిబెలె దాటితే మీరు వేరే రాష్ట్రంలో ఉంటారు. షాపు బిల్లు చూపించి బయటపడదామనుకోవద్దు. ఇన్సూరెన్స్ కంపెనీకి ట్రెయిలర్ గురించి రాతపూర్వకంగా చెప్పి, జవాబు దాచుకోండి. ఆర్డర్ ఇచ్చే ముందే ఆర్టీఓ దగ్గర కనుక్కుని ఉండాల్సింది, ఇప్పటికైనా డెలివరీ తీసుకునే ముందు కనుక్కోండి.

ట్రాక్‌డే_తేజ · వర్తూరు, బెంగళూరు

అందరికీ థాంక్స్. ట్రెయిలర్ ఇంకా షాపులోనే ఉంది. వేబ్రిడ్జ్ ఆ పక్క వీధిలోనే కాబట్టి బైకులు అక్కడికే తెప్పించి, నెమ్మదిగా తీసుకెళ్లి తూకం వేయించాం. మిషన్ పది కిలోల మెట్టులో చూపిస్తుంది.

కారు ఒక్కటే, ఇద్దరం కూర్చుని: ముందు 1,210, వెనక 1,170.
మూడు బైకుల ట్రెయిలర్ తగిలించాక: ముందు 1,170, వెనక 1,300. ట్రెయిలర్ చక్రాల మీద 890.

అంటే ముక్కు మీద 90, ట్రెయిలర్ మొత్తం 980. తర్వాత మా టూల్ బాక్సులు, జనరేటర్, టైర్ వార్మర్లు అన్నీ కలిపి 120 కిలోలు డిక్కీలో చివర పెట్టి మళ్లీ ఎక్కించాం: ముందు 1,150, వెనక 1,440.

అసలు ఆశ్చర్యం ఇదే. కారు మీద అదనంగా పడింది 210 కిలోలు. వెనక యాక్సిల్ మీద పెరిగింది 270. ఈ మూడు సందర్భాల్లోనూ టేపుతో కొలిస్తే ఫెండర్ ఎత్తు ముందూ వెనకా దాదాపు ఒకటే. పక్కన నిలబడి చూస్తే ఏమీ తెలియదు.

ఇరుసు_మాస్టారు · జిగణి

చక్కగా తూచారు. ట్రెయిలర్ బరువులో ముక్కు మీద తొమ్మిది శాతం పైన పడుతోంది. యూరప్‌వాళ్లు ఐదు నుంచి ఏడు అంటారు, అమెరికావాళ్లు పది నుంచి పదిహేను. మీ హిచ్ ప్లేటు మీది S దాటనంతవరకు తొమ్మిది మంచిదే. తక్కువైతే ట్రెయిలర్ తోక ఊపుతుంది, అది ఎక్కువ ప్రమాదం. అది తగ్గించాలని బైకులను వెనక్కి జరపొద్దు.

డిక్కీ సామాను మాత్రం ముందుకు తేవాలి. మధ్య వరుస సీట్లు మడిచి, ముందు సీట్ల వెనకకు ఆనించి పెట్టి, పట్టీలతో కట్టండి. మళ్లీ తూచండి.

ట్రాక్‌డే_తేజ · వర్తూరు, బెంగళూరు

చేశాం మాస్టారూ. అదే 120 కిలోలు మధ్య వరుసలోకి తెచ్చాం. ముందు 1,210, వెనక 1,380. ముందు యాక్సిల్ ట్రెయిలర్ లేనప్పుడు ఎంత ఉందో అంతకే వచ్చేసింది! కొత్త హిచ్ లేదు, ఒక్క రూపాయి ఖర్చు లేదు. మాలో మూడోవాడు ఎలాగూ రైల్లో చెన్నై వస్తానన్నాడు కాబట్టి సీటు సమస్య లేదు. వెనక యాక్సిల్ డోర్ పిల్లర్ స్టిక్కర్ మీది హద్దుకు లోపలే ఉంది, వెనక టైర్లలో గాలి ఫుల్ లోడ్ లెక్కకు పెంచాను.

980 కిలోలకు బ్రేకుల్లేకుండా వెళ్లం. షాపులో మాట్లాడాను, ఓవర్‌రన్ కప్లర్, డ్రమ్ బ్రేకులున్న యాక్సిల్ తెప్పించి వేస్తామన్నారు (కారు ఆగినప్పుడు ట్రెయిలర్ ముందుకు నెట్టే బలంతోనే దాని బ్రేకులు పడే రకం). అది అయ్యేదాకా రెండు బైకులే, బైక్ స్టాండ్లు కారులో. అప్పుడు ట్రెయిలర్ 730. రిజిస్ట్రేషన్ పని కూడా మొదలుపెట్టాం, అది చేతికి వచ్చాకే రోడ్డెక్కుతాం.

దారి గురించి ఒక మాట చెప్పండి. కోలారు, పలమనేరు, చిత్తూరు మీదుగా వెళ్తే మా అత్తగారి ఊరు కలుస్తుంది. లేకపోతే హోసూరు, కృష్ణగిరి, వేలూరు.

కోవళం_గాలి · నీలాంకరై, చెన్నై

ట్రెయిలర్‌తో మొదటిసారి కృష్ణగిరి దారే. పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగాలి, లోడు లారీలు ముందుంటాయి. బ్రేకులున్న ట్రెయిలర్ అలవాటయ్యాక ఆ దారి పట్టండి, అప్పుడు కూడా తక్కువ గేర్‌లో, దిగడం మొదలుకాకముందే వేగం తగ్గించి. ఎక్కడైనా 80 దాటొద్దు. ట్రెయిలర్ ఊగడం మొదలైతే స్టీరింగ్ తిప్పి సరిచేయబోవద్దు, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయండి.

ఓవర్‌రన్ బ్రేకు కొనేటప్పుడు ఆటో రివర్స్ రకమేనా అని అడగండి. పాత రకంలో వెనక్కి వెళ్లేటప్పుడు బ్రేకు పట్టేస్తుంది, దిగి లీవర్ వేయాలి. బ్రేక్‌అవే కేబుల్ (ట్రెయిలర్ ఊడిపోతే దాని బ్రేకులు పట్టించే తీగ) కూడా ఉండాలి. దాన్ని బాల్ మెడకు చుట్టకుండా హిచ్ కొక్కేనికి తగిలించండి.

ఇన్నోవా_ఈశ్వర్ · మారతహళ్లి

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నా క్రిస్టా వెనక కాయిల్స్ లోపల గాలి బ్యాగులు వేయించుకున్నాను, చేత్తో పంపు కొట్టుకునే రకం. చిన్న ట్రెయిలర్ కొనాలని ఉంది. మీరు చెప్పినవన్నీ నాకూ వర్తిస్తాయా?

ఇరుసు_మాస్టారు · జిగణి

వర్తిస్తాయి ఈశ్వర్ గారూ. ఆ బ్యాగులు కూడా వెనక భాగాన్ని లేపుతాయి, ముందు యాక్సిల్ బరువును తిరిగి తేలేవు. పైగా మీది తనంతట తాను సర్దుకోదు. ట్రెయిలర్ విప్పాక గాలి తగ్గించకపోతే వెనక గట్టిపడి, తడి రోడ్డు మీద ఖాళీ బండి ఎగురుతుంది. మీ కారు మాన్యువల్‌లో లాగే బరువు ఇచ్చారో లేదో ముందు చూడండి. ఇస్తే ఆ పేజీ ఫోటో ఇక్కడ పెట్టండి.

పాతబండి_ప్రసాద్ · యలహంక

తేజ గారూ, రాత్రి పరీక్ష చేశారా? దాని ఫలితం రాయలేదు.

ట్రాక్‌డే_తేజ · వర్తూరు, బెంగళూరు

చేశాను ప్రసాద్ గారూ. మూడు మూలలు కదల్లేదు. వెనక ఎడమ మాత్రం పొద్దునకు ఎనిమిది మిల్లీమీటర్లు దిగింది. సబ్బు నీళ్లు పూస్తే పైపు జాయింట్ దగ్గర బుడగలు రాలేదు.

పాతబండి_ప్రసాద్ · యలహంక

అయితే బెలోనే అయ్యుండాలి, లేదా వాల్వ్ బ్లాక్. పైఎత్తుకు లేపి మడత చూసి, ఫోటో పంపండి. అది తేలేదాకా రెండు బైకులు కూడా వద్దు.